గంట ఆపరేషన్, ఏడాది అలవాటు
పురుషాంగ ఇంప్లాంట్ తర్వాతి జీవితంపై సమీక్ష

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా దవాఖాన ఓపీ ముందు పొద్దున్నే చీటీల కోసం నిలబడే వరుసలో షుగర్ రోగులు లేని రోజు ఉండదు. చూపు మసకబారిందనీ, కాలి పుండు మానడం లేదనీ, మూత్రంలో నురగ వస్తోందనీ డాక్టరుకు చెప్పుకుంటారు. అదే షుగర్ పడకగదిలో చేసిన నష్టం గురించి మాత్రం నోరు పెగలదు. ఇంటికి పోయేటప్పుడు గోడ మీద కనిపించిన ‘గుప్తరోగ’ వైద్యుడి ఫోన్ నంబరును చాటుగా రాసుకుంటారు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. డెబ్బై ఏళ్లు దాటినా గోడలు ఖాళీ కాలేదు.

షుగర్ ఉన్న మగవాళ్లలో సగం మందికి పైగా ఏదో ఒక స్థాయిలో స్తంభన లోపం ఉంటుందని అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో షుగర్ రోగులు 10 కోట్లు దాటారని లెక్కగట్టింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే సమస్య ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు. వీళ్లలో చాలామందికి మాత్రలతో పని జరుగుతుంది. కొందరికి ఇంజెక్షన్, వాక్యూమ్ పరికరం సాయపడతాయి. ఏదీ పనిచేయనివాళ్లకు మిగిలేది ఇంప్లాంట్. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు, బండి ప్రమాదంలో కటి ఎముక విరిగి నరాలు తెగినవాళ్లు, గంటల తరబడి తగ్గని బాధాకరమైన స్తంభనతో లోపలి స్పాంజి లాంటి కణజాలం పాడైపోయినవాళ్లు కూడా చివరికి ఈ గుమ్మం దగ్గరికే వస్తారు.

ఇంప్లాంట్‌ను ఎలా అమర్చాలన్న ప్రశ్నకు సర్జన్లు యాభై ఏళ్లలో చక్కటి సమాధానాలే సంపాదించారు. దానితో ఎలా బతకాలన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాలు మాత్రం ఎక్కువగా అమెరికా, యూరప్‌ల నుంచి, ఖరీదైన పంపు రకం వేయించుకున్నవాళ్ల నుంచి వచ్చినవి. మన దగ్గర ఎక్కువమందికి పడేది వంచితే వంగే రాడ్డు. మన ఇళ్లు వేరు, మన పనులు వేరు, మొగుడూపెళ్లాల మధ్య మాటల తీరూ వేరు. అక్కడి జ్ఞానంలో ఇక్కడికి అతికేది ఎంత, మనం కొత్తగా రాసుకోవాల్సింది ఎంత అన్నది తేల్చడమే ఈ వ్యాసం పని.

పక్కటెముక నుంచి పంపు దాకా

1936లో సోవియట్ సర్జన్ నికొలాయ్ బొగొరాజ్ రోగి పక్కటెముక మృదులాస్థిని తీసి అంగానికి ఆధారంగా పెట్టాడు. శరీరం దాన్ని కొన్నాళ్లకు కరిగించేసుకునేది. 1950లలో అమెరికాలో యాక్రిలిక్ కడ్డీలు ప్రయత్నించారు. అసలు మలుపు ఈజిప్టులో వచ్చింది. రక్తం నిండే రెండు గొట్టాల లోపలే పాలిథిలీన్ కడ్డీలు పెట్టవచ్చని చూపిస్తూ బెహెరి అనే సర్జన్ 1966లో ఏడు వందల మంది అనుభవాన్ని ప్రచురించాడు. ఇవాళ్టి ఇంప్లాంట్లన్నీ కూర్చునేది అక్కడే. 1973లో అమెరికాకు చెందిన బ్రాంట్లీ స్కాట్ బృందం నీటితో నిండి, మళ్లీ ఖాళీ అయ్యే పరికరాన్ని పరిచయం చేసింది. స్మాల్, కారియన్ అనే సర్జన్ల సిలికాన్ రాడ్లు కూడా ఆ దశాబ్దంలోనివే. మన దేశంలో ముంబయికి చెందిన ఆండ్రాలజిస్టు రూపిన్ షా తక్కువ ఖర్చులో దొరికే దేశీ రాడ్లను రూపొందించారు. పైతొడుగు తీసేసి మందం సరిచేసుకునే వీలుండటం వాటి ప్రత్యేకత. దిగుమతి పంపుకు లక్షల్లో ఖర్చయ్యే చోట, వేలల్లో దొరికే రాడ్డు లేకపోతే మధ్యతరగతి మనిషికి ఈ చికిత్స ఊసే ఉండేది కాదు.

సాధనం మారినట్టే సమస్య మీద వైద్యుల చూపూ మారింది. 1980ల దాకా స్తంభన లోపమంటే తొంభై పాళ్లు మనసు జబ్బే అనుకునేవారు. 1983లో లాస్‌వేగస్‌లో జరిగిన యూరాలజీ సదస్సులో బ్రిటిష్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ తనకు తానే ఇంజెక్షన్ చేసుకుని వచ్చి, దాని ఫలితాన్ని సభికుల ముందే నిరూపించాడు. కోరికతో పనిలేకుండా మందుతోనే స్తంభన కలుగుతుందని తేలిపోయింది. సభ ఇబ్బంది పడింది గానీ శాస్త్రం ముందుకు జరిగింది. 1998లో సిల్డెనాఫిల్ మాత్ర రావడంతో ఇంప్లాంట్ చివరి మెట్టుకు చేరింది. చేరడానికి కారణమూ ఉంది. రాడ్డు పెట్టడానికి లోపలి స్పాంజి కణజాలాన్ని వెడల్పు చేసి చోటు చేస్తారు. తర్వాత ఎప్పుడైనా ఇంప్లాంట్ తీసేస్తే మాత్రలు పనిచేసే అవకాశం దాదాపు ఉండదు. వెనక్కి తిరిగి రాలేని దారి ఇది. అందుకే ఇందులో అలవాటు పడటమనేది కుట్లు విప్పాక మొదలయ్యేది కాదు, సంతకం పెట్టకముందే మొదలు కావాలి.

రెండు రకాలు, రెండు దినచర్యలు

మూడు భాగాల పంపు రకంలో అంగంలో రెండు సిలిండర్లు, వృషణాల సంచిలో ఒక పంపు, మూత్రాశయం పక్కన సెలైన్ నింపిన చిన్న తిత్తి ఉంటాయి. పంపు నొక్కితే నీరు సిలిండర్లలోకి వచ్చి అంగం గట్టిపడుతుంది. విడుదల బటన్ నొక్కితే నీరు తిత్తిలోకి వెళ్లి మెత్తబడుతుంది. చూడటానికి సహజంగా ఉంటుంది. పంపు ఎక్కడుందో వేళ్లతో వెతికి పట్టుకుని నొక్కే నేర్పు రావాలి. వేళ్లలో పట్టు తగ్గిన వృద్ధులకు, షుగర్ వల్ల వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లకు మొదట్లో ఇది విసుగు తెప్పిస్తుంది.

రాడ్డు రకంలో నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. పైకి వంచితే పనికి సిద్ధం, కిందికి వంచితే దుస్తుల్లోకి. చెడిపోయే భాగాలు తక్కువ. కానీ గట్టిదనం ఇరవైనాలుగు గంటలూ ఒకేలా ఉంటుంది. అలవాటు పడాల్సిందంతా అక్కడే. ప్యాంటులో ఎటువైపు పెట్టుకోవాలి, లుంగీ కట్టుకున్నప్పుడు ఎలా, బోర్లా పడుకుంటే ఎక్కడ ఒత్తుతుంది, మూత్రం పోసేటప్పుడు ధార ఎటు పోతుంది అన్న చిన్నచిన్న సంగతులే మొదటి మూణ్నెల్లూ మనిషిని తినేస్తాయి. వీటికి జవాబులు కష్టమైనవి కావు. కాస్త బిగువైన లోదుస్తు, పొడవు చొక్కా లేదా కుర్తా, కూర్చుని మూత్రం పోయడం. ఎవరో ఒకరు ముందే చెప్పాలి, అంతే.

పంపు మేలా, రాడ్డు మేలా అని పోల్చి చూసిన పరిశోధనల్లో తృప్తి విషయంలో పంపుదే కాస్త పైచేయి. అయితే రాడ్లు వేయించుకున్నవాళ్లలోనూ ఎక్కువమంది తృప్తిగానే ఉన్నామన్నారు. కాబట్టి డబ్బు లేక రాడ్డు వేయించుకున్న మనిషి తక్కువదానితో సరిపెట్టుకున్నానని కుంగిపోనక్కర్లేదు. వెన్నుపాము దెబ్బతిని కింది భాగంలో స్పర్శ తెలియనివాళ్లు మాత్రం రాడ్డు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. లోపలి నుంచి ఒత్తిడి పడి చర్మం పల్చబడుతున్నా వాళ్లకు నొప్పి తెలియదు, కంటితో చూసుకోవాల్సిందే.

మొదటి ఆరు వారాలు

ఆపరేషన్ సుమారు గంట పడుతుంది. దవాఖానలో ఒకటి రెండు రోజులు. ఆ తర్వాత వాపు, నల్లగా కమిలిన చర్మం, నడిస్తే లాగినట్టుండే నొప్పి. వృషణాల సంచి ఉబ్బి నల్లబడటం చూసి హడలిపోయేవాళ్లు చాలామంది. రెండు మూడు వారాల్లో అది దిగుతుంది. మొదటి వారం నొప్పి ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా, పంపు చర్మానికి అతుక్కుపోయినట్టు అనిపించినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని వారం వేచి చూడటం ఇక్కడ పనికిరాదు.

పంపు రకంలో అంగాన్ని కొన్ని వారాలు పొట్ట వైపు పైకి ఉంచమంటారు, కిందికి వంకర రాకుండా. పంపు పైకి జారిపోకుండా రోజూ మెల్లగా కిందికి లాగుతుండమంటారు. వాపు దిగాక, సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య, నింపడం, ఖాళీ చేయడం నేర్పిస్తారు. కొన్ని నెలల పాటు రోజూ నింపి, కాసేపు ఉంచి, వదిలేయాలి. పరికరం చుట్టూ శరీరం కట్టుకునే పొర బిగుసుకుపోకుండా ఉండటానికి ఈ సాధన. రెండు రకాల్లోనూ కలయికకు సుమారు ఆరు వారాలు ఆగాలి. సర్జన్ చూసి సరే అన్నాకే.

ఈ ఆరు వారాల లెక్క విదేశీ కరపత్రాల్లో ఆఫీసు ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రాసింది. బేగంబజార్, సిద్దిఅంబర్ బజార్ గోదాముల్లో బస్తాలు మోసే హమాలీకి నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దంటే ఆ నెలన్నర కూలి పోయినట్టే. ఆటో డ్రైవర్‌కు గతుకుల రోడ్డు మీద సీటు తగిలే ప్రతిసారీ పరీక్షే. గల్ఫ్ నుంచి నలభై అయిదు రోజుల సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించుకోవాలనుకునే మనిషికి సెలవంతా గాయం మానడానికే సరిపోతుంది, భార్యతో గడిపే రోజులు రాకముందే విమానం ఎక్కాల్సి వస్తుంది. నమాజులో సజ్దాకు వంగడం, నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయడం, దేశీ మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం గాయం మానాక అడ్డం కావు. మానేదాకా కుర్చీ నమాజు, వెస్టర్న్ కమోడ్ ఏర్పాటు చేసుకోవాలి. రంజాన్ ఉపవాసాల నెలలో ఆపరేషన్ పెట్టుకుంటే షుగర్ అదుపు తప్పవచ్చు కాబట్టి తేదీ ఎంచుకునేటప్పుడే ఆ మాట డాక్టరుతో అనుకోవాలి.

షుగర్ అదుపు మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.5 దాటితే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని 2018లో వచ్చిన ఒక బహుళ కేంద్రాల అధ్యయనం అంది. అలాంటి గీత ఏదీ కనపడలేదని మరికొన్ని అధ్యయనాలు అన్నాయి. రోగి పాటించాల్సింది మాత్రం ఒక్కటే. అంకె ఎంత దిగితే అంత మంచిది, గాయం మానే తీరులోనే ఆ తేడా కనిపిస్తుంది.

పొడవు, స్పర్శ, కోరిక

ఆపరేషన్ సఫలమైనా అసంతృప్తిగా మిగిలేవాళ్ల ఫిర్యాదుల్లో మొదటిది పొడవు. 2007లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో ముందూ తర్వాతా కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా నలుగురిలో దాదాపు ముగ్గురు చిన్నదైందనే అన్నారు. కారణం ఊహించవచ్చు. మనిషి పోల్చుకునేది నిన్నటి రోగపు శరీరంతో కాదు, పాతికేళ్ల వయసులో తనకు గుర్తున్న శరీరంతో. ఏళ్ల తరబడి స్తంభన లేక కణజాలం కుంచించుకుపోయి, పొడవు ఆపరేషన్‌కు ముందే తగ్గి ఉంటుంది. ఉన్న పొడవుకు ఇంప్లాంట్ గట్టిదనం ఇస్తుంది, పోయిన పొడవును తెచ్చిపెట్టదు. సాగదీసి కొలిచి, ఇంతకు మించి రాదని ఆపరేషన్‌కు ముందే రోగికి చూపించే సర్జన్ తర్వాతి గొడవను సగం తగ్గించినట్టే.

రెండోది మొన. రాడ్డు గానీ సిలిండర్ గానీ గొట్టాల దాకానే వెళ్తాయి, మొనలోకి వెళ్లవు. కాబట్టి పూర్వంలా మొన ఉబ్బదు, కొందరికి చల్లగా అనిపిస్తుంది. అవసరమైతే దీనికి మాత్రలు కలిపి ఇస్తారు. మూడోది స్పర్శ గురించిన భయం. స్పర్శను మోసే నరాలు వేరే దారిలో ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు స్పర్శ, భావప్రాప్తి, స్ఖలనం ఎలా ఉన్నాయో తర్వాతా దాదాపు అలాగే ఉంటాయి. ప్రొస్టేట్ తీసేసినవాళ్లకు వీర్యం ముందే ఉండదు, ఇంప్లాంట్ దాన్ని తిరిగి తేదు. మిగతావాళ్లలో వీర్యకణాలకు ఇంప్లాంట్ వల్ల వచ్చే నష్టం లేదు కాబట్టి పిల్లలు కనాలనుకునే యువకులు ఆ విషయంలో భయపడనక్కర్లేదు.

అందరూ మర్చిపోయే సంగతి కోరిక. ఇంప్లాంట్ గట్టిదనం మాత్రమే ఇస్తుంది. కోరిక పుట్టించదు, అలసట పోగొట్టదు, మనసులోని దిగులును తుడిచేయదు. పూర్వం కోరిక కలిగితే శరీరం స్పందించేది, ఇప్పుడు శరీరాన్ని సిద్ధం చేసుకుని కోరికను పిలవాలి. ఈ తలకిందుల వ్యవహారం కొందరికి మొదట్లో యాంత్రికంగా అనిపిస్తుంది. కొన్ని నెలల్లో అది మరుగున పడుతుంది. మూడు నెలలకు అడిగినదానికంటే ఆరు నెలలకు, ఏడాదికి అడిగినప్పుడు తృప్తి ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఆమెను ఎవరు అడిగారు?

ఈ సాహిత్యంలో అన్నిటికంటే పలుచగా ఉన్నది భార్యల మాట. భాగస్వాముల తృప్తి కూడా ఎక్కువేనని చాలా అధ్యయనాలు చెబుతాయి. అయితే కొన్ని చోట్ల ఆ జవాబు భర్త నోటి నుంచే వచ్చింది, కొన్ని చోట్ల సర్జన్ ఫోన్ చేసి అడిగితే వచ్చింది. మన సమాజంలో డాక్టరు ఫోన్ చేసి పడకగది సంగతి అడిగితే ఎంతమంది ఆడవాళ్లు మనసులో మాట చెబుతారు?

షుగర్ రోగికి ఇంప్లాంట్ పడేసరికి సాధారణంగా యాభై దాటుతాయి. భార్యకు నెలసరి ఆగి ఉంటుంది. ఐదారేళ్లుగా కలయిక లేక, ఆమె ఆ అధ్యాయం ముగిసిందనుకుని వేరే పడక వేసుకుని ఉండవచ్చు. అకస్మాత్తుగా ఒకరోజు భర్త సిద్ధమై వస్తాడు. పైగా ఇంప్లాంట్ గట్టిదనం స్ఖలనంతో దిగిపోదు. తనకు మగతనం తిరిగొచ్చిందన్న ఉత్సాహంలో అతనుంటే, పొడిబారిన శరీరంతో, నొప్పితో ఆమె ఉంటుంది. లూబ్రికెంట్ జెల్, అవసరమైతే గైనకాలజిస్టు సలహా, మెల్లగా మొదలుపెట్టడం ఈ దశలో ఆపరేషన్ అంత ముఖ్యం. అంతకంటే ముఖ్యం ఇంకొకటుంది. డబ్బు పెట్టి ఆపరేషన్ చేయించుకున్నాను కాబట్టి ఆమె ఒప్పుకుని తీరాలనే హక్కు ఏ భర్తకూ రాదు. ఆమె ఇష్టం ప్రతిసారీ కొత్తగా తెలుసుకోవాల్సిందే.

భార్యకు చెప్పకుండా ఆపరేషన్ చేయించుకోవడం అన్నిటికంటే చెడ్డ ఆరంభం. దాచడం సాధ్యమూ కాదు, రాడ్డయితే అసలే కాదు. ఆపరేషన్‌కు ముందు ఒక్కసారైనా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, నమూనా పరికరాన్ని ఆమె చేతికిచ్చి చూపించి, ఆమె ప్రశ్నలు ఆమెనే అడగనివ్వడం దీనికి విరుగుడు. పంపు నొక్కడం భార్య నేర్చుకున్న జంటలున్నాయి. అప్పుడది అతని యంత్రం కాక ఇద్దరి మధ్య మామూలు వస్తువవుతుంది.

నలుగురిలో, చట్టం ముందు

2014లో ఇటలీ పరిశోధకులు ఇంప్లాంట్ ఉన్నవాళ్ల జీవన నాణ్యతను కొలవడానికే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పనితీరు, వ్యక్తిగతం, దాంపత్యం, సామాజికం అని నాలుగు పాళ్లుగా అడుగుతుంది అది. మొదటి మూడూ ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. నాలుగోదాంట్లోనే మన కథ మారిపోతుంది.

ఉమ్మడి ఇళ్లలో ఆపరేషన్ గుట్టుగా ఉంచడం కష్టం. హెర్నియా అని చెప్పి గట్టెక్కేవాళ్లున్నారు. బంధువులకు ఏం చెప్పాలన్నది ఎవరిష్టం వాళ్లది. వైద్యుల దగ్గర మాత్రం దాచకూడదు. ఇంప్లాంట్ సంగతి తెలియకుండా మూత్రపు గొట్టం బలవంతంగా వేస్తే మూత్రనాళం చినగవచ్చు. హెర్నియాకో ప్రొస్టేట్‌కో ఆపరేషన్ చేసే సర్జన్‌కు మూత్రాశయం పక్కన తిత్తి ఉందని తెలియకపోతే కత్తి దాన్నే తాకవచ్చు. ఎంఆర్‌ఐ తీసే ముందు పరికరం పేరు చెప్పాలి. నేటి పరికరాల్లో చాలావాటికి కొన్ని షరతులతో ఎంఆర్‌ఐ చేయవచ్చు. లోపల లోహం ఉన్న రాడ్డు విమానాశ్రయంలో ఎప్పుడైనా ప్రశ్నకు దారితీస్తే చూపించడానికి దవాఖాన ఇచ్చిన కార్డు పర్సులో ఉండాలి. పరికరం పేరు, సైజు, తేదీ రాసిన ఆ కార్డు రేపు మార్చాల్సి వచ్చినప్పుడు సర్జన్‌కు కావలసిన మొదటి కాగితం కూడా.

పెళ్లి చట్టాలు ఈ సమస్యను చాలాకాలం క్రితమే కోర్టులోకి తెచ్చాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నపుంసకత్వం వల్ల కలయిక జరగని పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఇంకో అడుగు వేసింది. భర్త కోరితే కోర్టు అతనికి ఏడాది గడువిస్తుంది, లోపం పోయిందని ఆ లోపు నిరూపించుకోవాలి. ఆ చట్టం రాసినప్పుడు నమ్మదగిన ఇంప్లాంట్ ప్రపంచంలోనే లేదు. ఇవాళ ఆ ఏడాది చికిత్సకు సరిపోయేంత కాలమే. ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. కొత్తగా పెళ్లయి, భయంతోనో తొందరతోనో విఫలమవుతున్న యువకుణ్ని కుటుంబ ఒత్తిడి నేరుగా ఆపరేషన్ బల్ల మీదికి నెట్టకూడదు. నిద్రలో, తెల్లవారుజామున స్తంభన కలుగుతున్నవాడికి రక్తనాళాలు బాగానే ఉన్నట్టు. అతనికి కావలసింది కౌన్సెలింగ్, ఓపిక, కొన్నాళ్లు మాత్ర. ఉన్న కణజాలాన్ని పాడుచేసుకుని వెనక్కి రాలేని దారి పట్టడం అతని విషయంలో చికిత్స అనిపించుకోదు.

తృప్తి అంకెలను ఎలా చదవాలి

పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది తృప్తిగా ఉన్నారన్న మాట ఏ ప్రకటనలో చూసినా కనిపిస్తుంది. అది అబద్ధం కాదు. స్తంభన లోపానికి ఉన్న చికిత్సల్లో ఎక్కువ తృప్తినిచ్చేది ఇంప్లాంటేనని అధ్యయనాలు పదే పదే చెప్పాయి. కానీ ఆ అంకె వెనుక ఎవరున్నారో చూడాలి. అడిగింది ఎక్కువగా ఆపరేషన్ చేసిన సర్జన్లే, జవాబిచ్చింది తిరిగి కనిపించినవాళ్లే. విసిగిపోయి వేరే డాక్టరును చూసుకున్నవాడు లెక్కలోకి రాడు. అనుభవజ్ఞులు ఏటా వందల ఆపరేషన్లు చేసే కేంద్రాల ఫలితాలను, ఏడాదికి రెండు మూడు చేసే చోటికి అంటగట్టలేం. అమెరికాలో వేసే ఇంప్లాంట్లలో తొంభై శాతం దాకా పంపు రకమే కాబట్టి ఆ అంకెలు రాడ్డు జీవితం గురించి చెప్పేది కొద్దే.

యంత్రం మన్నిక విషయంలో మాత్రం లెక్కలు గట్టివి. పదేళ్లకు పదింటిలో ఎనిమిది వరకు పంపులు పనిచేస్తూనే ఉంటాయి. ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. అంటే నలభై ఏళ్లకు వేయించుకున్నవాడు జీవితంలో మరోసారైనా మార్పించుకోవాల్సి రావచ్చు. ఆ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ఇన్‌ఫెక్షన్ పూర్వం నూరుమందిలో మూడు నుంచి ఐదుగురికి వచ్చేది. 2001 తర్వాత యాంటీబయాటిక్ పూత ఉన్న పరికరాలు వచ్చాక అది అనుభవమున్న కేంద్రాల్లో ఒకటి రెండుకు దిగింది. రెండోసారి చేసే ఆపరేషన్లలో ముప్పు ఇంకా ఎక్కువే. వస్తే మందులతో పోదు, ఎందుకంటే సూక్ష్మక్రిములు పరికరం మీద జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయి. పరికరం తీసి, లోపలంతా యాంటీబయాటిక్ ద్రావణాలతో కడిగి, వెంటనే కొత్తది పెట్టే పద్ధతిని 1990లలో అమెరికన్ సర్జన్ ముల్కాహి ప్రచారంలోకి తెచ్చాడు. తీసేసి నెలల తర్వాత పెట్టడంకన్నా దీంతో పొడవు నష్టం తగ్గుతుంది. సమయానికి వచ్చినవాళ్లకే ఆ అవకాశం.

ఎవరు అసంతృప్తితో మిగిలిపోతారో కూడా కొంత తెలుసు. పరికరం నుంచి అసాధ్యమైనవి ఆశించేవాళ్లు, డాక్టరు తర్వాత డాక్టరును మార్చేవాళ్లు, తమ జబ్బు తీవ్రతను ఒప్పుకోనివాళ్లు, చికిత్స అందని మానసిక సమస్యలు ఉన్నవాళ్లు జాగ్రత్తగా చూడాల్సిన రోగులని 2013లో అమెరికన్ సర్జన్లు కొందరు హెచ్చరించారు. వాళ్లకు ఆపరేషన్ నిరాకరించమని దానర్థం కాదు, మాటలకు ఎక్కువ సమయం ఇవ్వమని. పరిశోధనలన్నీ తిరగేసినా చివరికి తేలేది ఇదే. పరికరం చెడి బాధపడేవాళ్లకంటే, అది బాగానే పనిచేస్తున్నా తాము అనుకున్నది ఇది కాదని బాధపడేవాళ్ల గురించే ఎక్కువ ఆలోచించాలి.

మాట్లాడే గది కావాలి

తెలుగునాట ఈ విషయాలు సిగ్గుపడకుండా మాట్లాడటం కొత్తేమీ కాదు. విజయవాడ డాక్టర్ జి.సమరం పాఠకుల లైంగిక సందేహాలకు దశాబ్దాల పాటు పత్రికల్లో జవాబులిచ్చారు. పేరు లేకుండా ఉత్తరం రాసే వీలుంటే మన మనుషులు అడుగుతారని అది రుజువు చేసింది. అఫ్జల్‌గంజ్‌కూ ప్రశ్నలకు జవాబులు వెతికిన చరిత్ర ఉంది. క్లోరోఫామ్ మత్తు క్షేమమా కాదా అన్న అంతర్జాతీయ వివాదాన్ని తేల్చడానికి సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో రెండు కమిషన్లు పరీక్షలు జరిపింది ఉస్మానియా దవాఖాన పాత రూపంలోనే. ఆ కమిషన్ల తీర్పును తర్వాతి శాస్త్రం సవరించింది గానీ, పెద్ద ప్రశ్నను ఇక్కడే పరీక్షించి చూడాలన్న పట్టుదల మాత్రం మెచ్చుకోదగ్గది. ఆ భవనాన్ని 1908 మూసీ వరద ముంచేసింది. తర్వాత కట్టిన వారసత్వ భవనంలోకి 2020లో నీళ్లు చేరడంతో వార్డులు ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది.

కొత్త దవాఖానలో యూరాలజీ విభాగానికి ఖరీదైన యంత్రాలతో పాటు తలుపు వేసుకునే ఒక చిన్న గది కావాలి. షుగర్ ఓపీలో కళ్లు, కాళ్లు, కిడ్నీలతో పాటు స్తంభన గురించీ డాక్టరే ముందుగా అడిగి, అవసరమైనవాళ్లను ఆ గదికి పంపాలి. అక్కడ భార్యాభర్తలిద్దరికీ రాడ్డు, పంపు నమూనాలు చూపించి మాట్లాడటానికి శిక్షణ పొందిన మగ, ఆడ కౌన్సెలర్లుండాలి. తెలుగులో, ఉర్దూలో రాసిన కరపత్రంలో లుంగీ, సజ్దా, గొంతుక్కూర్చోవడం, బస్తా మోత, గల్ఫ్ సెలవు వంటివన్నీ ఉండాలి. ఏ పరికరం ఎవరికి పెట్టారో, ఏడాదికి ఎలా ఉన్నారో, భార్య విడిగా ఏమన్నదో పేర్లు బయటపడకుండా నమోదు కావాలి. ఇవేవీ లక్షలు ఖర్చయ్యే పనులు కావు. ఆ నమోదు పదేళ్లు సాగితే, రాడ్డుతో బతికే మన మనుషుల అనుభవం మీద ఇవాళ ఎక్కడా దొరకని జ్ఞానం అఫ్జల్‌గంజ్ నుంచే ప్రపంచానికి వెళ్తుంది. గోడ మీది ఫోన్ నంబరుకు గిరాకీ తగ్గించే దారి కూడా అదే. చట్టం డెబ్బై ఏళ్లుగా ప్రకటనలను నిషేధిస్తూనే ఉంది, రోగికి వెళ్లడానికి మరో తలుపు చూపించడం మాత్రం మర్చిపోయింది.